తాపీ మేస్త్రి రాసిన ఆటగాళ్ళ జాతకాలు

పోయిన వారం వేలూరులో ఒక సందులో నడిచిపోతా ఉంటే, కొత్తగా లేస్తున్న గోడ ముందర ఒక పనివాడు దారానికి కట్టిన ఇనుప గుండును వేలాడదీసి, ఒక కన్ను మూసి చూస్తా ఉన్నాడు. గోడ నిటారుగా వస్తా ఉందా, పక్కకు వాలిందా అని చూసే తూకుగుండు అది. ఎవరు ఇల్లు కట్టినా కనిపించే దృశ్యమే. కానీ నా ఒళ్ళు నాకు తెలియకుండానే బిగుసుకొనింది. ఎడమకాలి మీద మోపిన బరువును రెండు కాళ్ళ మీదికీ సమంగా సర్దినాను. యాభై దాటిన మనిషిని, చేతిలో కూరగాయల సంచీ పెట్టుకొని, ఊపిరి బిగబట్టి నిలబడిపోయినాను. ఆ పనివాడు నన్ను చూడను కూడా లేదు.

అట్లాంటి గుండును నా ముందర వేలాడదీసి నన్ను చూసిన మనిషి ఒకాయన ఉండినాడు. ఆయన పోయి చాలా ఏండ్లయింది. వేలూరు దగ్గరి గుడియాత్తంలో ఆయన్ను అందరూ మేస్త్రి అనే పిలిచేవాళ్ళు. ఆయన పేరు తెలిసిన వాళ్ళు తక్కువ. నేను కూడా రాయను.

అప్పుడు నేను ఒక తోలు కంపెనీ ఫుట్‌బాల్ టీములో రైట్ బ్యాక్ ఆడతా ఉంటిని. పొద్దున కౌండిన్య ఏటి ఇసకలో పరుగులు, తర్వాత కంపెనీ స్టోర్సులో గుమాస్తా పని. నెలజీతం ఆట కోసమే ఇచ్చేవాళ్ళు, గుమాస్తా పని పేరుకు. వేలూరు కోట మైదానంలో ఎనిమిది టీముల లీగు జరిగేది. మాది ఏడో టీమో, ఎనిమిదో టీమో. ఒక ఏడు ఎనిమిదో స్థానంలో నిలిచి కింది డివిజనుకు పోవాల్సింది, కింద నుంచి పైకి వచ్చేదానికి ఏ టీమూ ముందుకు రాలేదని మమ్మల్ని అట్లనే ఉంచినారు. ఆ మాట చెప్పుకొని మేమే నవ్వుకొనేవాళ్ళం.

మేస్త్రి చిత్తూరు వైపు నుంచి తాతల కాలంలో వచ్చి స్థిరపడిన ఇళ్ళు కట్టేవాళ్ళ ఇంటి మనిషి. నల్లగా, పొట్టిగా, మోకాళ్ళ దాకా మడిచి కట్టిన లుంగీ, చెవి మీద బల్లపరుపు పెన్సిలు. మనిషి ఎదురుపడితే మొగం చూడడు. చూపు నేరుగా కాళ్ళ మీద పడుతుంది. పాదం ఎట్ల పెట్టినాడు, మడమ ఏ పక్క అరిగింది, తొడ ఎంత బిగువుగా ఉంది, అంతా చూసుకొన్నాకనే "ఏం నాయనా, బాగుండావా" అని అడుగుతాడు. పెండ్లిలో పెండ్లికొడుకును చూసి కూడా "కుడికాలు కొంచెం లోపలికి పడతా ఉండాది" అన్న మనిషి.

గంగమ్మ శిరసు తిరునాళ్ళు అయినాక మాకు ప్రాక్టీసు మొదలయ్యేది. ఆ రోజుల్లో మేస్త్రి పొద్దున్నే ఏటి గట్టు మీద కూర్చొనేవాడు. పరుగులు అయిపోయి మేము ఆయాసపడతా నిలబడి ఉంటే ఒక్కొక్కరి ముందరికీ వచ్చి జేబులో నుంచి తూకుగుండు తీసి, చెయ్యి చాచి వేలాడదీసి, ఒక కన్ను మూసి చూసేవాడు. మా నడుములు ఏ పక్కకు వాలినాయో ఆ దారం చెబుతుందని ఆయన నమ్మకం. కొత్తగా వచ్చినవాళ్ళు నవ్వేవాళ్ళు. ఒక ఏడు ఆడినాక నవ్వేవాళ్ళు కాదు.

మైదానం పక్కన ఒక టీ అంగడి ఉండేది. లీగు మొదలయ్యే ముందు ఆ అంగడికి వచ్చే జనమంతా ఒక ఆట ఆడేవాళ్ళు. 'కాగితం టీము' అనేవాళ్ళు దాన్ని. ఎనిమిది టీముల్లో ఉండే ఆటగాళ్ళలో ఎవరికి నచ్చిన పదకొండు మందిని వాళ్ళు ఒక కాగితం మీద రాసుకోవాల. తమ ఆటగాడు గోల్ కొడితే ఇన్ని పాయింట్లు, గోలీ గోల్ ఇవ్వకుండా కాపాడితే ఇన్ని పాయింట్లు. లీగు ముగిసేసరికి ఎవరి కాగితానికి ఎక్కువ వస్తే వాళ్ళు గెలిచినట్టు. పందెం కాసేదానికి మేస్త్రి ఒప్పుకొనేవాడు కాడు. "దుడ్డు పెడితే కంటికి పొర కమ్మతాది నాయనా. ఆట కనపడదు" అనేవాడు. గెలిచినవాణ్ణి ఒక ఏడాది పాటు అంగడి బెంచీలో గోడవైపు కూర్చోనిస్తారు. అంతే బహుమానం. ఆ చోటు కోసం ముసలివాళ్ళు కూడా కొట్లాడుకొనేవాళ్ళు.

మా టీములో ఎవర్ని ఎంచుకోవాలో తెలియాలంటే మేస్త్రి నోటుబుక్కు కావాల. మా టీములో పద్దెనిమిది మందికీ ఈ ఏడు ఎట్ల ఉండబోతుందో ఆయన ముందుగా రాసి పెట్టేవాడు. జనం దాన్ని 'మేస్త్రి జాతకం' అనేవాళ్ళు. ఆయనకు తెలుగు మాట్లాడేది వచ్చు, తెలుగు అక్షరం రాదు. అందుకని తెలుగు మాటల్ని అరవ అక్షరాల్లో రాసేవాడు. అరవంలో ప కూ బ కూ ఒకటే అక్షరం, క కూ గ కూ ఒకటే అక్షరం. 'బాగా ఆడతాడు' అని ఆయన రాసిందాన్ని అరవం మాత్రమే వచ్చినవాడు 'పాగా ఆడతాడు' అని చదివి తల గోక్కుంటాడు. మా ఇళ్ళలో ఉత్తరాలు కూడా అట్లనే రాసుకొనేవాళ్ళం కాబట్టి నాకు ఆ రాత అలవాటే.

ఆ జాతకాలు నాకు ఇప్పటికీ కొన్ని గుర్తున్నాయి. సెంటర్ హాఫ్ గురించి ఇట్ల రాసినాడు: "పునాది గట్టిగా ఉండాది, పైకప్పు లేదు. తల ఎత్తి చూడడు. ఈ ఏడు కూడా బంతిని తన్నతాడు గాని ఎవరికిచ్చేది తెలీదు." అందరూ మెచ్చుకొనే పదో నంబరు గురించి: "నీళ్ళు ఎక్కువైన సిమెంటు. పొగిడి పొగిడి పలచన చేసినారు. రెండు ఆటలు నిలబడతాడు, మూడో ఆటకు పెచ్చులు రాలతాయి." తాగుడుకు అలవాటుపడిన లెఫ్ట్ వింగ్ గురించి: "సాయంకాలం ఆటకు మనిషి వస్తాడు. పొద్దున ఆటకు వాసన వస్తాది." దెబ్బ తగిలి తొందరపడి తిరిగి వచ్చినవాళ్ళ గురించి ఒకటే మాట, "ఇంకా నీళ్ళు పట్టాల. తడి ఆరకముందే బరువు పెట్టినారు." మేము కోపం తెచ్చుకొని, తర్వాత దొంగతనంగా ఆయన చెప్పింది నిజమేనా అని ఒకరి కాళ్ళు ఒకరం చూసుకొనేవాళ్ళం.

అంత కచ్చితంగా రాసే మనిషి, తన సొంత కాగితం టీములో మాత్రం ఎప్పుడూ మా వాళ్ళనే ఆరేడు మందిని పెట్టుకొనేవాడు. పెచ్చులు రాలతాయని రాసిన పదో నంబరునే పెట్టుకొనేవాడు. ప్రతి ఏడూ చివరి స్థానం ఆయనదే. ఎందుకు మేస్త్రీ అని అడిగితే, "రాసేది కంటితో నాయనా. ఎంచుకొనేది కడుపుతో" అని టీ ఊదుకొనేవాడు. ఒక్క విషయంలో మాత్రం పట్టుదల. తన రాత తప్పిందని ఎప్పుడూ ఒప్పుకొనేవాడు కాడు. తప్పినా, "వానొచ్చింది, ఇసక మారింది" అని ఏదో ఒక కారణం చెప్పి తన మాటే గెలిపించుకొనేవాడు.

ఒక ఏడు ఎండాకాలంలో నా కుడి మోకాలు పోయింది. ఏటి ఇసకలో వెనక్కి తిరిగేటప్పుడు లోపల ఏదో పుటుక్కుమనింది. ఎవరూ చూడలేదు. రెండు రోజులు జ్వరమని సెలవు పెట్టి, మూడో రోజు ప్యాంటు లోపల గుడ్డ బిగించి కట్టుకొని ప్రాక్టీసుకు వచ్చినాను. నేరుగా పరుగెత్తితే ఏమీ తెలియదు. తిరిగితేనే కాలు నాది కాదన్నట్టు జారిపోతుంది. అప్పటికి నాకు పెండ్లయి ఏడాది. ఆట పోతే ఉద్యోగం పోతుందనేది ఎవరూ చెప్పకుండానే తెలుసు. మదరాసు నుంచి కొత్త యజమానులు వచ్చి కంపెనీని కొనుక్కున్నారు. బయటి దేశాలకు బూట్లు ఎగుమతి చేస్తామన్నారు. కొత్త మిషన్లకు షెడ్డు కట్టిస్తా ఉన్నారు. స్టోర్సులో పాత సరుకు లెక్కేసి వేరే పెట్టమన్నారు. ప్రతి వారం ఏదో ఒక కొత్త మాట వినపడేది. నాకు బస్సు దిగాలన్నా భయం, మెట్లెక్కాలన్నా భయం.

ఒకరోజు బస్టాండులో బస్సు దిగితే ఎదురుగా మేస్త్రి ఉన్నాడు. ఎప్పటిమాదిరే చూపు కాళ్ళ మీద పడింది. "ఏ కాలితో దిగినావు నాయనా?" అన్నాడు.

"రెంటితోనే మేస్త్రీ" అన్నాను.

ఆయన జేబులో చెయ్యి పెట్టి గుండును తడుముకొని, తీయకుండానే వెళ్ళిపోయినాడు.

కొత్త షెడ్డు కట్టే పని మేస్త్రిదే. కొత్త మేనేజరు మదరాసు మనిషి. టై కట్టుకొని సైటుకు వచ్చేవాడు. టీములో ఎవరు ఎట్లాంటివాళ్ళో తెలియాలంటే ఈ మేస్త్రి నోటుబుక్కు చూడాలని ఎవరో ఆయనకు చెప్పినారు. ఆయన నోటుబుక్కు అడిగినాడు. మేస్త్రి ఆ పొద్దు పడిన సంబరం చెప్పలేను. ఇస్త్రీ చొక్కా వేసుకొని స్టోర్సుకు వచ్చి, "చదువుకున్న మనిషి నాయనా. నా రాత కావాల్నని అడిగినాడు. ఈ తడవ మంచి కోచ్‌ను పెడతారు చూడు" అని చెప్పి, నోటుబుక్కు ఆఫీసులో ఇచ్చి, వేలూరులో ఒక ఇంటికి పైకప్పు కాంక్రీటు పోసే పని ఉండాదని బస్సెక్కినాడు.

మధ్యాహ్నం నన్ను మేనేజరు గదికి పిలిచినారు. బల్ల మీద ఆ నోటుబుక్కు తెరిచి ఉంది. "అక్షరం తమిళమే, మాట మాత్రం తమిళం కాదే" అన్నాడు ఆయన తమిళంలో. "నువ్వు తెలుగువాడివని చెప్పినారు. చదివి అర్థం చెప్పు."

కొత్త కోచ్ కోసమే అడగతా ఉన్నాడని నేను అనుకొన్నాను. మేస్త్రి వరసగా రాసే మనిషి కాడు. ఏ రోజు ఎవర్ని చూస్తే వాళ్ళ గురించి రాసేవాడు. మొదటి పేజీలో మా గోలీ మునిరత్నం ఉన్నాడు. నాకన్నా ఆరేండ్లు పెద్ద. టీములో నాకు అందరికన్నా దగ్గర. "చేతులు ఇంకా బంగారం. కాళ్ళు అలిసినాయి. ఎడమ పక్క నేలబారుగా వచ్చే బంతికి ఆలస్యంగా పడతాడు. ఇంక తేరుకొనేది కష్టం." ఉన్నది ఉన్నట్టు తమిళంలో చెప్పినాను. మేనేజరు చేతిలో ఎర్ర పెన్సిలు ఉంది. పక్కన ఉన్న కాగితం మీద ఏదో గుర్తు పెట్టుకొన్నాడు. తర్వాత లెఫ్ట్ వింగ్. వాసన మాట చెప్పి నేనే నవ్వినాను. ఆయన నవ్వలేదు. తర్వాత పదో నంబరు.

నాలుగో పేజీ తిప్పేటప్పుడు ఆ కాగితం కనపడింది. మా పద్దెనిమిది మంది పేర్లు టైపు చేసి ఉన్నాయి. మూడు పేర్ల మీద ఎర్రగీత. పైన 'సర్‌ప్లస్' అనే మాట ఉంది. నేను స్టోర్సు గుమాస్తాను. ఆ మాట నాకు బాగా తెలుసు. అవసరం తీరిన సరుకు మీద అతికించే చీటీ మీద ఉండే మాట అది.

 అప్పుడైనా, "సార్, ఆ ముగ్గురి గురించి నేను తప్పు చెప్పినాను" అని ఒక్క మాట అని ఉండవచ్చు. అట్ల అంటే ఆయనకు అనుమానం వస్తుంది. నోటుబుక్కు వేరే తెలుగువాడి చేతికి పోతుంది. నా పేజీ ఇంకా ముందుంది. అనలేదు. మిగిలినవాళ్ళకు మాత్రం ఉన్న చెడును తగ్గించి, లేని మంచిని కలిపి చదువుతా పోయినాను.  మేనేజరు, "ఏమయ్యా, ఉన్నట్టుండి అందరూ మంచి ఆటగాళ్ళయిపోయినారే" అన్నాడు. నేను ఇంకో పేజీ తిప్పినాను.

తొమ్మిదో పేజీలో నా పేరు వచ్చింది. మేస్త్రి ఇట్ల రాసి ఉన్నాడు: "శేఖరు. మోకాలు కట్టి ఆడతా ఉండాడు. ఎవరికీ చెప్పలేదు. ఈ ఏడు ఆడితే ముందుకు కాలుండదు. కూర్చోబెట్టేది మేలు."

నేను 'కట్టి'ని 'గట్టి' చేసినాను. "మోకాలు గట్టి. ఆడతా ఉండాడు. ఎవరికీ తీసిపోడు" అని చదివి, తమిళంలో అర్థం చెప్పినాను. మేనేజరు ముందుకు వంగి ఆ మాట మీద వేలు పెట్టినాడు.  అరవంలో 'కట్టి' అనే మాటకు కూడా గట్టిదనమనే అర్థం. ఆయన దాన్ని తన భాషలో చదువుకొని, "ఇది మాత్రం నాకే అర్థమైంది" అని నవ్వి, నా పేరు పక్కన టిక్కు పెట్టినాడు.

నాలుగు రోజుల్లో ముగ్గురికీ పనిలో నుంచి తీసేసినట్టు కాగితాలు వచ్చినాయి. మునిరత్నం దాన్ని రెండు చేతుల్తో పట్టుకొని స్టోర్సుకు వచ్చి, ఇంగ్లీషులో ఉంది చదివి చెప్పమని నన్నే అడిగినాడు. అది కూడా నేనే చదివినాను.

ఆ వారంలోనే ఒక పొద్దున మేస్త్రి నన్ను షెడ్డు దగ్గరికి పిలిపించినాడు. ఇసక కుప్ప మీద కూర్చొని ఉన్నాడు. నోటుబుక్కు ఆఫీసు నుంచి తిరిగి తెచ్చుకొన్నట్టున్నాడు, ఒళ్ళో ఉంది. చదివింది నేనని అక్కడే తెలిసి ఉండాల. నా పేజీ తెరిచి నా చేతికి ఇచ్చినాడు.

"చదువు నాయనా."

"మీరు రాసిందే కదా మేస్త్రీ."

"కండ్లద్దాలు తేలేదు. చదువు. ఆయనకు ఎట్ల చదివినావో అట్లనే చదువు."

కండ్లద్దాలు ఆయన చొక్కా జేబులో కనపడతానే ఉన్నాయి. నేను "శేఖరు" అని నా పేరు చదివినాను. "మోకాలు" అని చదివినాను. ఇంక ముందుకు పోలేకపోయినాను.

మేస్త్రి పెన్సిలు మొనను ఆ అక్షరం కింద పెట్టి, మెల్లిగా అడిగినాడు. "ఇది క నా, గ నా నాయనా?"

షెడ్డులో కంకర కలిపే మిషను తిరగతా ఉంది. అది ఆగితే బాగుండునా, ఆగకపోతే బాగుండునా తెలియలేదు.

"క" అన్నాను.

"ఆ ముగ్గురిదీ?"

"ఉన్నట్టే చదివినాను. ఎందుకు అడగతా ఉన్నారో అప్పటికి నాకు తెలీదు మేస్త్రీ."

"తెలిసినాక?"

నేను నోటుబుక్కు మూసి ఆయన చేతికి ఇచ్చినాను. ఆయన లేచి తొట్టిలో చేతులు కడుక్కొని, లుంగీ కిందికి దించి, ఆఫీసు వైపు పోయినాడు. ఆయన తిరిగి వచ్చే దాకా నేను ఆ ఇసక దగ్గరే నిలబడినాను. నిమిషాలు జరగలేదు. ఆఫీసు తలుపు తెరుచుకొన్నప్పుడల్లా నా పేరు పిలుస్తారని చూసినాను. ఇంట్లో ఏం చెప్పాల, ఎట్ల చెప్పాల అని మాటలు కూడబెట్టుకొన్నాను.

మేస్త్రి వచ్చినాడు. "టీ అంగడి దగ్గర ఆడుకొనే దానికి రాసినాను సార్, మంది పొయ్యి ఆర్పేదానికి రాయలేదు అని చెప్పినాను. కాగితం మదరాసుకు పోయిందంట. ఇంక మారదంట" అన్నాడు.

నేను అప్పుడు అడిగిన మాటను ఇన్నేండ్లయినా మరిచిపోలేదు. "నా సంగతి చెప్పినారా మేస్త్రీ?" అని అడిగినాను. మునిరత్నం గురించి కాదు. నా గురించి.

ఎప్పుడూ కాళ్ళు చూసే మనిషి ఆ పొద్దు నా మొగం చూసినాడు.  "లేదు" అన్నాడు. తర్వాత, "గ అని చదివినావు కదా. ఈ ఏడంతా గ గానే ఆడు పో" అని, గోడ దగ్గరికి పోయి తూకుగుండు తీసినాడు.

లీగు మొదలయింది. టీ అంగడిలో కాగితాలు గోడకు అతికించినారు. మేస్త్రి కాగితంలో గోలీ స్థానంలో మునిరత్నం పేరు ఉంది. చూసినవాళ్ళు నవ్వినారు. "ఏ టీములోనూ లేని గోలీకి పాయింట్లు యాడ నుంచి వస్తాయి మేస్త్రీ?" అని అడిగినారు. "రాకపోతే పోనీ" అన్నాడు. రైట్ బ్యాక్ స్థానంలో నా పేరు ఉంది. 

అంతకుముందు మేస్త్రి గోల్ వెనకాల నిలబడి ఆట చూసేవాడు. ఆ ఏడు ప్రతి ఆటకూ గుడియాత్తం నుంచి వేలూరుకు వచ్చి, నేను ఆడే పక్క గీత మీద నిలబడినాడు. చేతిలో ఒక గోనెసంచీ. సగం ఆట అయిపోయి మేము పక్కలు మారితే, ఆయన కూడా సంచీ ఎత్తుకొని అవతలి పక్కకు నడిచి వచ్చేవాడు. నేను పడిపోయేది కండ్లారా చూడాలని వస్తా ఉన్నాడనుకొన్నాను. ఆయన వైపు బంతి వస్తే భయం. తిరగాల్సి వస్తే భయం. గుడ్డను ఇంకో చుట్టు బిగించి, తిరిగే అవసరం రాకుండా ముందే వెనక్కి పోయి నిలబడి, ఎట్లనో నెట్టుకొచ్చినాను. ఒక్కో ఆట ముగిసేసరికి గెలిచినామా ఓడినామా అనేది కూడా గుర్తుండేది కాదు. ఇంకొక ఆట తీరింది, అంతే.

జోలార్పేట రైల్వే వాళ్ళతో ఆడిన ఆటలో అది జరిగింది. వాళ్ళ వింగ్ ఆటగాడు లోపలికి తిరిగినాడు. వానితోబాటు నేనూ తిరిగినాను. పాదం నేలలోనే ఉండిపోయింది, మిగతా కాలు తిరిగింది. నేను పెట్టిన కేక నాకే వినపడింది.

కండ్లు తెరిచేసరికి అందరికన్నా ముందు వచ్చినవాడు మేస్త్రి. లుంగీ ఎగదోసుకొని పరుగెత్తి వచ్చినాడు. గోనెసంచీ విప్పితే లోపల పొట్టులో చుట్టిన మంచుగడ్డ, రెండు వెదురు బద్దలు, చించిన పాతపంచె. బద్దలు చెక్కి నున్నగా చేసి ఉన్నాయి, నా కాలి పొడవుకు సరిపోయినాయి. "కదలద్దు నాయనా, కదలద్దు" అంటా మోకాలికి మంచు పెట్టి, రెండు పక్కలా బద్దలు పెట్టి కట్టినాడు.

"మంచు యాడిది మేస్త్రీ?" అని మా కెప్టెను అడిగినాడు.

"సోడా అంగడిలో. ఆట ఉన్నప్పుడల్లా తెస్తానే ఉండాను" అన్నాడు.

నేను మొగం మీద చెయ్యి అడ్డం పెట్టుకొన్నాను. నొప్పికని అందరూ అనుకొన్నారు.

వేలూరు ఆసుపత్రికి రిక్షాలో తీసుకుపోయింది ఆయనే. మోకాలు అతికింది, ఆట మాత్రం పోయింది. ఆటలో దెబ్బ తగిలినవాడని కంపెనీ నన్ను స్టోర్సులోనే ఉంచింది. మరుసటి ఏడు మదరాసు వాళ్ళు టీమునే ఎత్తేసినారు. ఉన్నవాళ్ళను తలా ఒక పనిలో సర్దినారు. బయటికి పోయింది మొదట గీత పడిన ఆ ముగ్గురే. లెఫ్ట్ వింగ్ బెంగుళూరుకు పోయినాడన్నారు. పదో నంబరు ఏమైనాడో తెలియదు. మునిరత్నాన్ని మేస్త్రి తన పనిలోకి తీసుకొన్నాడు.

ఒకసారి పళ్ళికొండలో రోడ్డు పక్కన ఒక హోటలు కడతా ఉంటే బస్సులో నుంచి చూసినాను. కింద నుంచి ఒకడు ఇటుకలు ఎగరేస్తా ఉన్నాడు. పై అంతస్తులో సారువ కొయ్యల మీద నిలబడి మునిరత్నం ఒక్కొక్కటే అందుకొంటా ఉన్నాడు. ఒక్కటి జారలేదు. చేతులు నిజంగానే బంగారం. నేను బస్సు కిటికీ మూసినాను.

మేస్త్రి ఆ తర్వాత జాతకాలు రాయలేదు. అడిగినవాళ్ళకు కన్ను మసకబారిందని చెప్పినాడు. నన్ను చూస్తే మాత్రం "ఏ కాలితో దిగినావు నాయనా?" అని ముందు మాదిరే అడిగేవాడు. నేను నిజం చెప్పేవాణ్ణి. అంతకు మించి మేము ఆ సంగతి ఎప్పుడూ మాట్లాడుకోలేదు. చెప్పాలని చాలాసార్లు నోటిదాకా వచ్చింది. ఆయన మాట మార్చేసేవాడు.

ఆయన గుండెపోటుతో పోయినప్పుడు గుడియాత్తంలో సగం గోడలు కట్టినవాళ్ళంతా వచ్చినారు. దహనం అయినాక ఏటి గట్టు మీద తిరిగి వస్తా ఉంటే మునిరత్నం నా పక్కన నడిచినాడు. జుట్టు నెరిసింది, వేళ్ళు కాయలు కాసి ఉన్నాయి. 

"నన్ను తీసేసినప్పుడు మేస్త్రి మా ఇంటికి వచ్చినాడు. తెలుసునా నీకు?" అన్నాడు.

"తెలీదు."

"వాకిట్లో నిలబడి, లోపలికి రమ్మన్నా రాకుండా చెప్పినాడు. 'మునిరత్నం, నేను రాసింది తప్పు. ఎడమ పక్కకు నువ్వు బాగానే పడతా ఉండావు. నేనే సరిగా చూడలా. నా కన్ను పొరబడింది' అని. మేస్త్రి తన రాత తప్పని ఒప్పుకొనింది నువ్వు ఎప్పుడన్నా విన్నావా?"

"వినలేదు."

"నేనూ వినలా. అందుకే నమ్మినాను. లేకుంటే ఆ ఇటుకలు మోసేదానికి నా వల్ల అయ్యిండేది కాదు శేఖరూ. నా పెండ్లానికీ కూతురికీ ఇన్నేండ్లూ అదే చెప్పుకొంటా వచ్చినాను. నా ఆట పోలేదు, ఒక మనిషి కన్ను పొరబడింది, అంతే అని."

 మేస్త్రి రాసింది తప్పు కాదు. ఆ ఎడమ పక్క నుంచి బంతి లోపలికి పోతా ఉంటే గోల్ ముందర నిలబడి ప్రతిసారీ చూసినవాణ్ణి నేను. ఆ గదిలో ఆ పేజీని చదివి వినిపించింది నేను. ఇన్నేండ్లుగా గొంతులో పెట్టుకొని తిరుగుతున్నదంతా అక్కడే, ఆ గట్టు మీదే చెప్పేస్తే నా బరువు దిగిపోతుంది. వాని చేతిలో ఇంక ఏం మిగలతాదో నాకు తెలియలేదు.

మునిరత్నం నిలబడినాడు. "నువ్వు నా ముందర ఆడినవాడివి. నువ్వు చెప్పు. ఆ ఏడు నేను ఎడమకు బాగానే పడతా ఉంటిని కదా?"

"బాగానే పడతా ఉంటివి" అన్నాను. "మేస్త్రే తప్పు చూసినాడు."

వాడు తల ఊపినాడు. నా కుంటి నడకకు తగినట్టు తన నడక తగ్గించుకొని, నా పక్కనే నడిచినాడు.